కర్ణభేతాళుడి కచేరీ

రాతిగుర్రం చెప్పిన మాటలు చెవుల్లో గింగురుమంటూ ఉండగానే వేగన్న స్వర్ణకందర కోటలో అడుగుపెట్టాడు. తోక వెంట్రుకల కోసం అడవి గుర్రాల వెంట తిరిగేవాడికి రాతిగుర్రం కనబడటం ఒక వింత. అది నోరు తెరిచి మాట్లాడటం మరో వింత. వింతల సంగతి అలా ఉంచి, అది చెప్పిన కబురు మాత్రం గుండెలు అదిరేది.

"వేగన్నా, మీ రాజ్యంలో వాయులీన విద్వాంసులు ముగ్గురు కదా! ఆ ముగ్గురిలో ఒకరు ఇప్పుడు అసలు మనిషి కాదు. కర్ణభేతాళుడనే మాంత్రికుడు ఆ రూపం ధరించి కోటలో తిరుగుతున్నాడు. అసలు మనిషి శబ్దగిరి గుహలో బందీ. అక్కడ కమాను తంత్రి మీద ఆడుతున్నంతసేపే ప్రాణం. ఆగిందా, మనిషి శిల. ఇవాళ్టికి మూడో రోజు" అని చెప్పి గుర్రం మళ్ళీ రాయైపోయింది. ఆ విద్వాంసుడెవరో అడిగేలోపలే! రాళ్ళతో స్నేహం చేస్తే ఇంతే మరి.

వేగన్నకు పాతికేళ్ళు. వాయులీనం వాయించే కమానుకు గుర్రపుతోక వెంట్రుకలు బిగించడం అతని వృత్తి. ముగ్గురు విద్వాంసుల కమానులూ అతని చేతిమీదుగానే తయారవుతాయి. అలాంటి పనివాడు ఏడు రాజ్యాల్లో లేడని ఊరంతా అంటుంది. వేగన్న కూడా కాదనడు.

దారిపొడుగునా అతను ఒకటే లెక్క వేసుకున్నాడు. ఆపకుండా వాయిస్తే కమాను ఎన్నాళ్ళు నిలుస్తుంది? గుహలో ఉన్నది సోమయాజి అయితే భయం లేదు, ఆయన చేతిలో వెంట్రుకలు నాలుగు రోజులైనా ఉంటాయి. ఉద్దండ భట్టు అయితే నిన్నటికే అన్నీ తెగి ఆయన శిలైపోయి ఉంటాడు. నీలాంబ అయితే ఈ మధ్యాహ్నం దాకా. ఆపైన ఒక్క వెంట్రుక కూడా మిగలదు.

ఆనాడే వసంతసభ. నూట ఎనిమిది చందన స్తంభాల కొలువుకూటం ధగధగలాడుతోంది. స్తంభానికొక పగడపు చిలుక, చిలుక ముక్కున ముత్యాల తోరణం, తోరణం కింద పన్నీటి తొట్టి. నడిమధ్యన బంగారు ఊయలలో మకరకంఠి అనే వాయులీనం పడుకుని ఉంది. మొసలి తల చెక్కిన మెడ, పచ్చలు పొదిగిన కళ్ళు, తేనెరంగు తేలిన దేహం. ఎవరు వాయించినా వాళ్ళ ఆయువు పెంచే దివ్యవాద్యం అది. పన్నెండేళ్ళకొకసారి, ముగ్గురిలో మేటికి దాన్ని ఇవ్వడం ఆచారం. మంత్రవేత్త చేతిలో పడితే వాడికిక చావే ఉండదు. కర్ణభేతాళుడు వచ్చింది అందుకే.

ఈ సంగతి మహారాజు మణికేతుడి చెవిన వేద్దామా అంటే, సభాశాసనం ఒకటి అడ్డం. విద్వాంసుణ్ణి మాయావి అని నిందించి, నిరూపించలేనివాడికి రెండు చేతులూ మణికట్టు దగ్గర తెగ్గొడతారు. వేగన్న తన చేతులవంక ఒకసారి చూసుకున్నాడు. బంగారంలాంటి చేతులు. పోగొట్టుకునే ఉద్దేశం అతనికి లేదు.

"ముగ్గురినీ వింటాను. వినగానే దొంగెవడో పట్టేస్తాను. ఈ చెవులకు తెలియని కమానా!" అనుకుని వేదిక పక్కన తన చోట కూర్చున్నాడు. వాయించబోయే ముందు కమానుకు గుగ్గిలం రాసి అందించడం, వాయించాక తీసుకుని తుడవడం కమానులవాడి హక్కు. మధ్యలో దాన్ని రాజుగారైనా ముట్టరాదు. గుగ్గిలం రాయకపోతే వెంట్రుక తంత్రిని పట్టదు, జారిపోతుంది. పట్టనిదే నాదం పుట్టదు.

సభలో మూడు వర్గాలున్నాయి. సోమయాజి అభిమానులు విభూతి పెట్టుకుని వస్తారని, ఉద్దండ భట్టు అభిమానులు మీసాలు పెట్టుకుని వస్తారని, నీలాంబ అభిమానులు కన్నీళ్ళు పెట్టుకుని వెళతారని నగరంలో వేళాకోళం. ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న వాదంలో ఎన్నో పెళ్ళి సంబంధాలు చెడిపోయాయి.

ముందుగా సోమయాజి కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ పండు ముసలి. వాయులీనం తలను కుడిపాదం మీద ఆనించి, కమాను అందుకుని, వెంట్రుకల వరసను కంటికి దగ్గరగా పెట్టి చూసుకుని, "చల్లగా ఉండు నాయనా" అని వేగన్నను దీవించాడు. శంకరాభరణం ఎత్తుకున్నాడు. పిడి నుంచి కొన దాకా ఒకటే లాగుడు. ఆ ఒక్క లాగుడులో తాళం ఒక చుట్టు తిరిగివచ్చింది. వేడి అన్నంలో పోసే నేతిధార తెగనట్టు నాదం ఎక్కడా తెగలేదు. కమాను ఏ క్షణాన వెనక్కు తిరిగిందో చెప్పగలిగినవాడు సభలో లేడు. తొందర లేదు, తడబాటు లేదు, మెప్పించాలన్న ఆశ లేదు. నది పక్కన కూర్చున్నట్టు వేగన్న మనసు నిమ్మళించింది.

"ఈ చెయ్యి మాంత్రికుడిది కాదు. ఒట్టు" అనుకున్నాడు.

రెండోవాడు ఉద్దండ భట్టు. నిలువెత్తు మనిషి, నిమ్మకాయ నిలిచే మీసం. కమాను తీసుకుంటూనే వెంట్రుకలు వేళ్ళతో నొక్కి, "ఒరేయ్ వేగా! ఈ పక్క రెండు వదులైనాయి. చేతులు పనిచేస్తున్నాయా, పొలానికి పంపావా?" అని గద్దించాడు. అఠాణా రాగం అందుకున్నాడు. ఆయన కమానును లాగడు, కొడతాడు. పిడి దగ్గరి జానెడు వెంట్రుకలే ఆయన రణరంగం. ఒక్కో స్వరం ఒక్కో దెబ్బ. వేగం పెరిగేకొద్దీ దెబ్బకూ దెబ్బకూ నడుమ వెంట్రుకవాసి సందు కూడా మిగల్లేదు, అయినా ప్రతి స్వరమూ విడివిడిగా వినబడింది. సేనాపతి తెలియకుండానే కత్తిపిడి మీద చెయ్యి వేశాడు. వాయించడం ముగిశాక ఉద్దండ భట్టు తెగిన మూడు వెంట్రుకలను పీకి వేగన్న ఒళ్ళో విసిరి, "గుర్రం తోకా ఇది? గాడిదదిరా!" అన్నాడు.

దొంగ వీడే అయితే ఎంత బాగుండునో అనిపించింది వేగన్నకు. మనిషన్నాక ఇలాంటి కోరికలుంటాయి. అదే నిజమైతే పాపం అసలు ఉద్దండ భట్టు ఈపాటికి రాయై ఉంటాడని గుర్తొచ్చి వెంటనే సిగ్గుపడ్డాడు. పైగా చెవి ఒప్పుకోవడం లేదు. ఈ కొట్టుడు, ఈ విరుపు మరొకరికి రావు.

ఇక మిగిలింది నీలాంబ.

పన్నెండేళ్ళ కిందట గుర్రపుసాలలో పడుకునే దిక్కులేని వేగన్నను చేరదీసి, వెంట్రుక ఏరడం దగ్గర్నుంచి నాదం వినడం దాకా నేర్పిన తల్లి ఆమె. "నువ్వు తెచ్చిన వెంట్రుకలో ఆ గుర్రం పరుగు నాకు వినబడుతుందిరా" అని అతని పనిని మొదట మెచ్చుకున్నది ఆమే. తెల్లచీర కట్టుకుని, నుదుట కాసంత బొట్టుతో వచ్చి కూర్చుంది. వేగన్న ఇచ్చిన కమాను అందుకుని సహాన మొదలుపెట్టింది.

మిగతా ఇద్దరిదీ కుడిచేతి విద్య, ఈమెది ఎడమచేతి విద్య. కమాను కొన దగ్గర నాలుగంగుళాల మేరే తంత్రిని తాకుతుంది. ఆ కాసింత తాకిడి మీద ఎడమచేతి వేళ్ళు జారుతూ, ఊగుతూ, స్వరాన్ని అచ్చంగా గొంతు చేసేస్తాయి. సోమయాజి వాయిస్తే రాగం కనబడుతుంది. ఉద్దండ భట్టు వాయిస్తే రాగం మీదికొస్తుంది. నీలాంబ వాయిస్తే రాగం మనతో మాట్లాడుతుంది. రిషభం దగ్గర ఆమె ఆగింది. ఆ ఆగడంలో సభ ఊపిరి తీయడం మానేసింది. వేగన్న కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. దొంగను పట్టడానికి వచ్చిన సంగతే మరిచాడు.

కచేరీ ముగిసేసరికి మహారాజు కూడా ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. "మేటి నీలాంబాదేవే! మంగళం వాయించిన పిమ్మట మకరకంఠిని స్వీకరించవలసింది" అని ప్రకటించాడు. మంగళం సొంత వాద్యం మీద వాయించి, ఆ తరువాతే బహుమానం ముట్టుకోవాలి. అదీ ఆచారమే.

వేగన్న దిగాలుపడ్డాడు. ముగ్గురూ అసలైనవాళ్ళే అంటున్నాయి చెవులు! మరి గుర్రం అబద్ధమాడిందా? మంగళానికి ముందు తుడిచి ఇవ్వాలని అలవాటు కొద్దీ ముగ్గురి కమానులూ ఒళ్ళో వేసుకున్నాడు.

సోమయాజి కమాను పిడి నుంచి కొన దాకా ఒకే తీరున అరిగి ఉంది. ఉద్దండ భట్టుది పిడి దగ్గర గుగ్గిలం పూర్తిగా లేచిపోయి, తెగిన కొసలు గడ్డిలా నిలబడి ఉన్నాయి. నీలాంబది కొన దగ్గర నాలుగంగుళాలు నున్నబడి ఉండాలి. వేగన్న వేలు పెట్టి చూశాడు.

పొద్దున రాసిన గుగ్గిలం రాసినట్టే ఉంది. కొన దగ్గరా ఉంది, నడుమా ఉంది, పిడి దగ్గరా ఉంది. ఒక్క రేణువు కదల్లేదు. తలెత్తి ఆమె ఒడిలోని వాయులీనం వైపు చూశాడు. తంత్రుల కింద రాలవలసిన తెల్లటి పొడి జాడే లేదు. అంటే ఈ కమాను అసలు తంత్రిని తాకలేదు! వెంట్రుకవాసి ఎత్తున గాలిలో ఆడింది. ఆ నాదం మంత్రం చేసిన నాదం.

అప్పుడు ఒక్కొక్కటే తట్టాయి. మొన్న నీలాంబ వచ్చి, "పాత కమాను ఇంట్లో ఉండిపోయింది, కొత్తది ఇవ్వు" అంది. కమాను చేతికి రాగానే గోటితో వెంట్రుకలు మీటి చూడకుండా ఆమె ఏనాడూ వాయించి ఎరగదు. ఇవాళ మీటలేదు. ఉద్దండ భట్టు తిట్టిన తిట్లే ఆయన అసలు మనిషనడానికి సాక్ష్యం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చెవిని నమ్మి చేతిని మరిచాడు వేగన్న. తల్లిని గుహలో పెట్టినవాడి పాటకే కన్నీళ్ళు కార్చాడు. ఒళ్ళు మండిపోయింది.

సూర్యుడు నడినెత్తికి చేరువవుతున్నాడు. గుహలో ఆమె కమాను ఆఖరి వెంట్రుకల మీద ఉండి ఉంటుంది.

వేగన్న మొలలోంచి చిన్నకత్తి తీశాడు. పిడి దగ్గర ముడి, కొన దగ్గర ముడి రెండు కోతల్లో తెగ్గోశాడు. నూటయాభై వెంట్రుకల కుచ్చు చేతిలోకి వచ్చింది. దాన్ని చుట్టచుట్టి నడుముకు దోపుకుని, బోడి కమాను పుల్లను పట్టుగుడ్డలో పెట్టి వినయంగా అందించాడు.

మాయనీలాంబ దానివైపు చూడనైనా చూడలేదు. చూపంతా బంగారు ఊయల మీదే. పుల్లను తంత్రుల మీద ఆడిస్తూ సురటిలో మంగళం అందుకుంది. అమృతంలాంటి సురటి. సభ పరవశించింది. వచ్చిన చిక్కు ఏమిటంటే, రసికులు కదా, అందరూ కళ్ళు మూసుకున్నారు! మహారాజు మూసుకున్నాడు, మంత్రి మూసుకున్నాడు, కాపలా భటులు సైతం మూసుకుని తలలాడిస్తున్నారు. రుజువు కళ్ళెదుట ఆడుతోంది, చూసే కన్ను లేదు.

వేగన్న వేదిక మీదికి ఒక్క దూకు దూకాడు. "మహాప్రభూ! కళ్ళు తెరవండి!"

"ఎవడ్రా వాడు, మంగళానికి అడ్డం వచ్చేది?" అని మణికేతుడు గర్జించాడు.

"కమానులవాణ్ణి. ఈమె నీలాంబాదేవి కాదు, మాయావి!"

సభ గగ్గోలెత్తింది. మంత్రి లేచి నిలబడ్డాడు. "శాసనం తెలుసునా? నిరూపించలేకపోతే నీ రెండు చేతులూ..."

"తెలుసు ప్రభూ. చేతులు ఇక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు. ముందు ఆ కమాను చూడండి" అంటూ వేగన్న నడుములోని వెంట్రుకల కుచ్చు పైకెత్తాడు. "దాని వెంట్రుకలివిగో. మరి ఆ పాట ఎక్కణ్ణించి వస్తోంది?"

అందరి కళ్ళూ ఒక్కసారిగా వేదిక మీద పడ్డాయి. ఉత్త పుల్ల అటూ ఇటూ ఆడుతోంది. సురటి మాత్రం ధారాపాతంగా పొంగుతూనే ఉంది. సోమయాజి "శివ శివా!" అంటూ చెవులు మూసుకున్నాడు. మాయనీలాంబ అప్పుడు, ఆ పొద్దుటి నుంచి మొదటిసారిగా, చేతిలో ఉన్నదేమిటో వంగి చూసుకుంది.

పాట ఆగిపోయింది.

"కమానులు బిగించుకునే కూలివాడికి ఇంత పొగరా!" ఆ గొంతు కొండచరియ విరిగినట్టుంది. పుల్లను వేగన్న మొహానికి గురిపెట్టి విసిరింది. అతను తల తప్పించి, దాన్ని గాల్లోనే పట్టుకుని మొలలో దోపాడు. మంచి పుల్ల, పారేసుకునేది కాదు. తెల్లచీర పొగై లేచింది. పొగలోంచి ఏనుగంత గబ్బిలం, చేటలంత చెవులు ఆడిస్తూ, మకరకంఠి మీదికి ఎగిరింది.

భటులు బల్లేలు వదిలి పారిపోయారు. పారిపోనివాడు ఒకడే. ఉద్దండ భట్టు చతికిలబడి కూర్చుని, "వేగా, గాడిదతోకైనా సరే, నా కమాను ఇలా పారెయ్!" అని అరిచాడు. కమాను చేతికందగానే అఠాణాను ఆకాశానికెత్తాడు. ఒక్కో దెబ్బ ఆ చేటచెవుల్లో మేకులా దిగింది. చెవులే కళ్ళైన గబ్బిలం దారి తప్పి స్తంభానికి గుద్దుకుంది. చందనం విరిగింది, పగడపు చిలుకలు రాలాయి. ఆ సందులో డెబ్బై ఏళ్ళ సోమయాజి ఊయల దగ్గరికి తాపీగా నడిచివెళ్ళి, మకరకంఠిని పసిపాపలా గుండెకు హత్తుకుని, రాజుగారి సింహాసనం కింద దూరాడు. ఆయన కమాను ఎంత తొణకదో కాళ్ళూ అంత తొణకలేదు.

దక్కవలసింది దక్కలేదని కర్ణభేతాళుడు కిటికీ బద్దలు కొట్టుకుని బయటికి ఎగిరాడు. వేగన్న ఎగిరి వాడి కాలు పట్టుకున్నాడు. గుహకు దారి తెలిసినవాడు వాడే మరి!

"నీలాంబను తీసుకురారా! నిన్ను తిట్టనురా ఇంక!" అని కింద నుంచి ఉద్దండ భట్టు కేక వినిపించింది. అది మాత్రం వేగన్న నమ్మలేదు.

కోట బురుజులు గవ్వలంతయ్యాయి. మామిడితోపులు ఆకుపచ్చని చాపలయ్యాయి. సువర్ణనది ఎండలో కరిగిన కంచులా మెలికలు తిరిగింది. దానికావల, మబ్బుల అంచున, నల్లటి శబ్దగిరి తలెత్తి నిలబడింది. గబ్బిలం అతన్ని దులిపెయ్యాలని పల్టీలు కొట్టింది, శిఖరాలకేసి రాసింది. వేగన్న బొచ్చు పట్టుకుని కాలి మీంచి వీపుకు, వీపు మీంచి మెడకు పాకాడు. నడుములోని కుచ్చులో సగం తీసి, రెండు చెవులనూ దగ్గరకు లాగి, కమానుకు వేసే ముడి వేసి బిగించాడు. అది విప్పడం వేసినవాడికే కష్టం. చెవులు మూతపడటంతో గబ్బిలానికి లోకం చీకటైపోయింది. పోయి పోయి కొండకు ఢీకొంది. వేగన్న అంతకు రెప్పపాటు ముందు చరియ మీదికి దూకాడు.

చరియ వెనక గుహ. లోపలినుంచి సన్నగా సహాన.

అతను ఒక్క క్షణం నిలబడిపోయాడు. పొద్దున సభలో విన్నదీ ఇదే రాగం. కానీ ఇందులో వెంట్రుక తంత్రిని పట్టే చిన్న గరగర ఉంది. పొద్దున అది లేదని ఇప్పుడు తెలిసింది. లోపలికి పరుగెత్తాడు.

నీలాంబ నడుము దాకా నల్లరాయి. పైన మనిషి. కమాను కొనతో తంత్రిని తాకీ తాకనట్టు వాయిస్తోంది. కళ్ళు పీక్కుపోయాయి, చెయ్యి మాత్రం వణకడం లేదు.

"వచ్చావా! రెండుసార్లు కునుకుపట్టింది, అందుకే ఇంతదాకా వచ్చిందిరా ఈ రాయి" అంది, వాయిస్తూనే. "వెంట్రుకలు తెచ్చావా?"

"తెచ్చానమ్మా. పుల్లా తెచ్చాను. నీకెన్ని మిగిలాయి?"

"నాలుగు."

వేగన్న గొంతుక్కూర్చుని, మొలలోంచి పుల్ల తీసి, మిగిలిన కుచ్చును దువ్వడం మొదలుపెట్టాడు. మామూలుగా అయితే ఒక ఘడియ పని. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసులోది ఆగలేదు. "అమ్మా, వాడు అచ్చం నీలాగే వాయించాడు. నేను ఏడ్చాను. నువ్వే అనుకున్నాను."

"ఏం వాయించాడు?"

"సహానే."

"రిషభం దగ్గర ఆగాడా?"

"ఆగాడమ్మా. నీకంటే బాగా ఆగాడు."

నీలాంబ పకపకా నవ్వింది. టప్పుమని వెంట్రుక తెగింది. "నవ్వించకురా దరిద్రుడా! మూడే ఉన్నాయి. బాగా ఆగక ఏం చేస్తాడు, వాడికి వెంట్రుక తెగుతుందన్న భయముందా!"

గుహ ద్వారం దగ్గర వెలుగు సగం ఆరిపోయింది. తెగిన గుర్రపు వెంట్రుకలు వేలాడే రెండు చేటచెవులు లోపలికి వంగాయి. వేగన్న తల ఎత్తలేదు. పళ్ళతో దారం కొరికి, కొన దగ్గర మొదటి ముడి బిగించాడు. ఇంకా పిడి ముడి ఉంది, గుగ్గిలం రాయడం ఉంది. నీలాంబ కమాను మీద ఒక వెంట్రుక తెగింది. వెంటనే మరొకటి.

"ఒకటే ఉందిరా" అంది ఆమె.

"సోమయాజిగారికైతే చాలదు. ఉద్దండ భట్టుగారికైతే ఈపాటికి పుల్ల కూడా మిగిలేది కాదు" అన్నాడు వేగన్న, పిడి ముడికి దారం చుడుతూ. "నువ్వు వాయించమ్మా. నీ చేతికి ఒకటి చాలు."